బాటసారి దాచుకున్న ఆయుధం



మా తమ్ముని కుమారుడు అమెరికాలో సియాటిల్ నగరాన ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరికితే చాలు, వీపున పెద్ద సంచి తగిలించుకొని నాలుగైదు దినాలు కొండలలో నడిచి రావడం అతనికి అలవాటు. గడచిన వేసవిలో మొంటానా అడవులకు పోదలచి నాకొక ఫోటో పంపినాడు. మేజాబల్ల మీద మూడు రకాల ఒరలు, వాటి నడుమ ఒక పెద్ద రివాల్వరు. “పెదనాన్నా, అక్కడ గ్రిజ్లీ ఎలుగులు తిరుగుతాయి. దీన్ని నడుముకు కట్టుకుంటే సంచి పట్టీ అడ్డమొస్తుంది. సంచిలో వేస్తే వేళకు చేతికి రాదు. రొమ్ముమీద కట్టుకుంటే దారిన పోయేవాళ్ళంతా చూసి జడుసుకుంటారు. మీరైతే ఎక్కడ పెట్టుకుంటారు?” అని వేళాకోళంగా అడిగినాడు.

ముప్పైయైదేండ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాడను. ఉత్పలమాలలో యతిస్థానమెక్కడ అంటే నిద్రలోనైనా చెప్పగలను గాని రివాల్వరు స్థానమెక్కడ అంటే ఏమి చెప్పగలను? నవ్వి ఊరకున్నాను. అయితే ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే దాచిన ఆయుధమొకటి మా ఇంట్లోనే, మా తాతగారి కాలం నుండి అటక మీద పడి ఉన్నది. దాని సంగతి వ్రాయాలంటే ముందు ఈ సీమ బాటల సంగతి కొంత చెప్పుకోవాలి.

అనంతపురం సీమను చూడనివారికి ఒక మాట. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా కురిస్తే కురిసినట్లు, లేకుంటే లేదు. నేల ఎర్రగా, పలుచగా, రాళ్ళతో ఉంటుంది. దట్టమైన అడవి అరుదు. వేసవిలో ఏ గుట్ట ఎక్కి చూచినా బాట మీద పోయే మనిషి రెండు మైళ్ళ దూరం నుండే నల్లని చుక్కలా కనబడతాడు. అతని చేతిలో ఏమున్నదో, తలపై ఏమున్నదో కూడా కొంత దగ్గరైతే తెలిసిపోతుంది. దొంగ దాగడానికి చెట్లు లేవు, వంకలూ గుండ్లూ తప్ప. బాటసారి దాగడానికి అవి కూడా లేవు. ఇటువంటి నేల మీద ఆయుధం ధరించడమంటే మొదట అది దూరానికి కనబడడమే. కనబడని ఈటె సగం ఈటె.

మన ఊళ్ళ పొలిమేరలలో నిలిచిన వీరగల్లులను చూచినవారికి ఇది కొత్త కాదు. పశువులను తోలుకుపోయే మూకతో పోరాడి చచ్చినవాని శిల్పమది. చేత కత్తి, డాలు, కొన్నింట విల్లు. కొన్ని రాళ్ళ మీద నడుముకు అడ్డంగా దట్టిలో దోపిన పొట్టి బాకు కూడా ఉంటుంది. నేను ఉద్యోగరీత్యా తిరిగిన ఊళ్ళలో ఇటువంటివి పదుల సంఖ్యలో చూచినాను. సున్నం కొట్టి, పసుపు పూసి పూజించేవి కొన్ని, బట్టలుతికే బండలైనవి కొన్ని. ఏ శిల్పీ ఆ వీరుని బాకును బట్టల చాటున దాచలేదు. పిడి బయటికే ఉంటుంది, కుడిచేతికి అందేట్లు.

నడుము ఆయుధానికి సహజమైన చోటు. ఎందుకో మన పాత బాటసారి బరువు మోసే తీరు చూస్తే తెలుస్తుంది. అతని మూట తల మీద ఉండేది, లేదా కావడిగా భుజం మీద. బేరగాండ్లయితే అసిమి సంచులు ఎద్దు వీపున వేసేవారు. మనిషి నడుము మాత్రం ఎప్పుడూ ఖాళీయే. పంచె మీద మూడు నాలుగు చుట్లు బిగించిన దట్టి ఉంటే బాకు నిలువునా అడ్డంగా ఎట్లైనా నిలుస్తుంది, నడకకు ఊగదు. ఈనాటి వీపుసంచి బరువంతా నడుముపట్టీ మీద పడేట్లు కుడతారట. అంటే, మా వానికి వచ్చిన చిక్కంతా ఆ పట్టీ ఆక్రమించిన చోటు గురించే. వందల ఏండ్లు ఆయుధానికి ఇచ్చిన నడుమును మూట లాగుకొన్నది. అందుకే అక్కడివారు రివాల్వరును రొమ్ము మీదికి తెచ్చినారు.

1800 లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారికి దత్తం చేసినాడు. దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వరకు ఇక్కడే ఉన్నాడు. అప్పటికి ఈ సీమలో 80 మంది పాళెగాండ్లు. ఒక్కొక్కరికి ఒక కోటో బురుజో, వాటి వెనుక కొంత సాయుధ బలగమూ ఉండేవి. మన్రో వారిలో కొందరిని వెళ్ళగొట్టి, కొందరికి భరణాలు ఏర్పరచి, వారి బలగాలను చెదరగొట్టినాడు. ఆ సంగతి బడిపుస్తకాలలో ఒక వాక్యంగా ముగుస్తుంది. కాని బాట మీద నడిచేవానికి అది ఒక వాక్యం కాదు. అంతవరకు ఈ పొలిమేర నుండి ఆ పొలిమేర దాకా ఫలానావాని కావలి అని ఉండేది. కావలి రుసుము పుచ్చుకొన్నవాడు బాటలో దోపిడి జరిగితే సొమ్ము తెచ్చియ్యాలి, లేదా తానే ఇచ్చుకోవాలి. ఆ కావలివాడే ఒక్కొక్కసారి దొంగ కూడా, అది వేరే సంగతి. ఆ కట్టడి సడలిన తరువాత, కొత్త పోలీసు కుదురుకొనేదాకా బాటసారి తన ప్రాణానికి తానే జవాబుదారీ అయినాడు. మద్రాసు రాజధానిలో పోలీసు చట్టం వచ్చింది 1859 లో. నడుమ రెండు తరాలు.

కలిగినవారికి గుంపే ఆయుధం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 న మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు డేరాలు, బోయీలతో సహా దాదాపు నూరుమంది వెంట ఉన్నారు. అంతమందిని పోషించలేనివాడు తోడు కోసం బాటలో కలిసినవారితో నడిచేవాడు. అపాయమంతా ఆ తోడులోనే ఉండేది. ఆ శతాబ్ది మొదటి దశకాలలో మన పక్కనున్న చిత్తూరులో మేజిస్ట్రేటు విలియం రైట్ పట్టించిన ‘ఫాన్సిగారుల’ గురించి రిచర్డ్ షెర్వుడ్ అనే వైద్యుడు మద్రాసులో 1816 లో ఒక వ్యాసం ప్రకటించినాడు. తరువాత ఉత్తరాదిన స్లీమన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన థగ్గుల కథకు ఇది ముందరి అధ్యాయం. స్నేహం చేసి, కలిసి నడిచి, విడిదిలో మెడకు గుడ్డ బిగించడం వారి పద్ధతి అని అతడు వ్రాసినాడు. అంటే ఆయుధం ఒక రుమాలు. దానికంటె బాగుగా దాచగల ఆయుధం లోకంలో ఇంకేముంటుంది? అందరికీ కనబడుతూనే ఉంటుంది, ఎవరికీ కనబడదు. థగ్గుల కథలో ఎంత వాస్తవమో ఎంత దొరల ఊహో అని ఇప్పటి చరిత్రకారులు ప్రశ్నిస్తున్నారు, ప్రశ్నించడం న్యాయమే. అయితే ఆ భయం మాత్రం నిజం. 1810 లో బెంగాలు సైన్యంలో సెయింట్ లెజర్ అనే సేనాని, సెలవు మీద ఇళ్ళకు పోయే సిపాయిలకు ఉత్తరువు జారీ చేయవలసివచ్చింది. రొక్కం వెంట ఉంచుకోవద్దు, హుండీలుగా మార్చుకోండి, తెల్లవారకముందు బయలుదేరవద్దు, దారిలో కలిసిన కొత్తవారితో చేరవద్దు అని. ఆయుధవిద్య నేర్చినవారికి చేసిన హితవు ఇది. ఆయుధం ఎక్కడ పెట్టుకోవాలని కాదు, డబ్బు ఎక్కడ పెట్టుకోవాలని.

ఇక రివాల్వరు. శామ్యూల్ కోల్ట్ అమెరికాలో 1836 లో దానికి పేటెంటు పొందినాడు. అంతకుముందు దొరలు పెద్ద పిస్తోళ్ళను జీనుకు ఇరువైపులా తగిలించిన తోలు ఒరలలో పెట్టుకొని గుర్రమెక్కేవారు. బరువు గుర్రానిది. ఆరు తూటాల రివాల్వరు వచ్చిన తరువాత, గుర్రం దిగినా ఆయుధం వెంట ఉండాలన్న కోరిక పుట్టి బరువు మనిషి నడుము మీదికి వచ్చింది. అది చిన్న బరువేమీ కాదు. 1915 నాటి వెబ్లీ ఆరవ నమూనా కిలో పైమాటే. మా వాడు పంపిన ఫోటోలోని రకం, .44 మాగ్నం తూటాలది, ఇంకా ఎక్కువ. ఒకవైపు అంత బరువు కట్టుకొని నడిస్తే నడుముపట్టీ ఆ వైపుకు జారుతుంది, తుంటి ఒరుసుకుపోతుంది. ఈ చిక్కుకు దారి చూపినవాడు మన దేశంలో కొలువు చేసిన ఒక దొర. పేరు శామ్యూల్ బ్రౌను. మన నిఘంటుకారుడు సి.పి. బ్రౌను కాదు, ఆయన చేతిలో కలం తప్ప వేరొకటి ఊహించలేము. ఈ బ్రౌను 1858 ఆగస్టు 31 న ఉత్తరాదిన జరిగిన పోరులో ఎడమచేయి పోగొట్టుకున్నాడు. ఒంటిచేతివాడు ఒరను పట్టుకొని కత్తి దూయలేడు గదా. అందుకని నడుముపట్టీకి తోడు భుజం మీదుగా ఒక అడ్డపట్టీ వేసి, కత్తీ పిస్తోలూ కదలకుండా నిలిచే ఏర్పాటు చేసుకున్నాడు. ఒకని అంగలోపానికి కుట్టిన పట్టీ సైన్యమంతటికీ అలంకారమైంది. నేటికీ మన పోలీసు అధికారులు కవాతునాడు ఎదమీద అడ్డంగా వేసుకొనే తోలుపట్టీ అదే.

ఇదంతా దొరల నడుము సంగతి. రైతు నడుము సంగతి వేరైంది. 1876 నుండి 1878 దాకా ధాత కరువు మన సీమను ఊడ్చింది. ఆ కరువు తీరేవేళకే, లిట్టన్ రాజప్రతినిధిగా ఉండగా, 1878 లో ఆయుధాల చట్టం వచ్చింది. తుపాకులే కాదు, కత్తులు, బాకులు, ఈటెలు, విల్లంబులు కూడా ‘ఆయుధాలు’ అన్న మాటలోకి చేరినవి. అనుమతి పత్రం లేనిదే ఆయుధపాణియై తిరుగరాదు. ఐరోపావారికి మినహాయింపు. ఆ జాతిభేదం మొదటి ప్రపంచయుద్ధం ముగిసినదాకా పుస్తకంలో నిలిచింది. మనకు పొరుగున కొడగువారికి కూడా మినహాయింపు దొరికింది. అది నేటికీ ఉన్నది, 2019 లో మరో పదేండ్లకు పొడిగించినారు. మన సీమకు అటువంటిదేమీ లేదు.

చట్టం వస్తే భయం పోదు. బాట అదే, వంక అదే, డబ్బు మూట అదే. కనబడే ఆయుధం నేరమైనప్పుడు ఆయుధం కనబడకుండా పోయింది. బాకు దట్టి మీది నుండి దట్టి లోపలికి, అక్కడి నుండి సద్దిమూటలోకి, మడిచిన గొంగళిలోకి, ఎడ్లబండి గడ్డి కిందికి జరిగింది. కొందరి చేతికర్రలోకి దూరింది. ఆ చేతికర్ర పేరే గుప్తి. చూడడానికి పెద్దమనిషి ఊతకర్ర. పిడి తిప్పి లాగితే లోపల సన్నని అలుగు. గుప్తి అంతకుముందు లేదని కాదు, రాజుల కొలువులలో ఎప్పటినుండో ఉన్నది. అయితే పల్లెటూరి కరణం చేతికి అది రావడం మాత్రం నాకు తెలిసినంతలో ఈ కాలపు సంగతే. దాని గొప్ప అంతా ఒకటే. దానిని పట్టుకొన్నవాడు నిరాయుధుడుగా కనబడతాడు.

ఇప్పుడు మా ఇంటి గుప్తి కథ.

మా తాతగారు జిల్లా పడమటి కొసన, వేదవతికి ఆమడ దూరాన ఒక ఊరికి కరణం. కిస్తు రోజులలో రెడ్డిగారు పన్ను వసూలు చేస్తే, తాతగారు లెక్క కట్టి, రొక్కాన్ని తాలూకా ఖజానాకు చేర్చేవారు. వెంట తలారి. డబ్బు తలారి మూటలో, సంగటి ముద్దల కింద. ఇది ఆయన పన్నిన ఉపాయమట. కరణంగారి సంచిలో డబ్బు ఉంటుందని ఎవరైనా అనుకుంటారు గాని తలారివాని సద్దిమూటలో ఉంటుందని ఎవరనుకుంటారు? గుప్తి మాత్రం తాతగారి చేతిలోనే ఉండేది.

1930 ల చివర ఒకనాటి తెల్లవారుజామున, ఒక వంక దిగేచోట నలుగురు అడ్డగించినారు. తాతగారు గుప్తి దూసి ఇద్దరిని గాయపరచగా తక్కినవారు పారిపోయినారు. కిస్తు డబ్బు కాసు తరుగకుండా ఖజానాకు చేరింది. పైవారినుండి మెచ్చుకోలు కాగితం వచ్చింది. నేను చిన్ననాడు విన్న కథ ఇది. దసరాకు ఆయుధపూజనాడు ఆ గుప్తిని గంటము, లెక్కల కవిలె పక్కన పెట్టి కుంకుమ పెట్టేవారు. మా తాతగారిని నేను అర్జునునితో పోల్చుకొన్న వయసు అది.

పది పన్నెండేండ్ల క్రితం, పదవీ విరమణ దగ్గరపడుతుండగా, నా దగ్గర చదువుకొన్న ఒక పూర్వవిద్యార్థి కలిసినాడు. ఆ తలారి మనుమడు. ఏవో భూమి కాగితాల విషయం మాట్లాడి, లేవబోతూ ఆగి, “సార్, మా జేజినాయన నెత్తిమీద గాటు ఎట్లా వచ్చిందో మీ ఇంట్లో ఎప్పుడైనా చెప్పినారా?” అన్నాడు. గాటు ఉన్నదనే నాకు తెలియదు.

అతని జేజినాయన చెప్పిన కథ ఇది. నలుగురు అడ్డగించిన మాట నిజం. వారికి కనబడినది ఇద్దరు మనుషులు. ఒకరు తెల్లపంచె కట్టిన బక్కపలుచని అయ్యవారు, చేతిలో ఊతకర్ర. ఇంకొకడు దుడ్డుకర్ర పట్టిన తలారి. ఎవరిని ముందు కొడతారు? దుడ్డుకర్ర పట్టినవానినే. మొదటి దెబ్బ అతని తల మీద పడింది. అతడు పడుతూ మూటను పక్కనున్న కలబంద పొదలోకి విసరినాడు. కరణంగారు గుప్తి పిడిని పట్టుకొని లాగుతూనే ఉన్నారట. అది రాలేదు. వారు ఆయన సంచిని వెదికి, అందులో కవిలెలు తప్ప ఏమీ లేక, ఆయనను తోసివేసి పోయినారు. అలుగు బయటికి వచ్చింది లేదు, ఎవరికీ గాయమైనది లేదు, తలారికి తప్ప. ఆ దెబ్బతో అతని ఎడమకంటి చూపు తగ్గిపోయింది. “మా జేజినాయన మీ తాతగారిని ఒక్కమాట అనలేదు సార్. ఆయప్ప ఏంజేస్తాడు, కర్ర రాలేదు అనేవాడు” అన్నాడు.

ఇంకొక మాట కూడా చెప్పినాడు. ఆ తరువాతి వారం పోలీసులు వచ్చి ఊరిబయట గుడారాలు వేసుకొన్న ఎరుకలవారిని పట్టుకుపోయినారట. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 లో మద్రాసు రాజధానికి వ్యాపించింది. దొంగ దొరకనప్పుడు ఎవరిని పట్టుకోవాలో ముందే వ్రాసి పెట్టిన చట్టం అది. స్వాతంత్ర్యం తరువాత గాని రద్దు కాలేదు. “వాళ్ళు కాదని మా జేజినాయనకు తెలుసు. అడిగినవాళ్ళు లేరు” అన్నాడు.

నేను ఆనాడు అతనికి ఏమీ చెప్పలేకపోయినాను. అబద్ధమనడానికి నా దగ్గర ఆధారం లేదు. నిజమనడానికి మనసు రాలేదు. మెచ్చుకోలు కాగితం మా అన్నగారి ఇంట్లో ఉండాలి, అందులో తలారి పేరు ఉన్నదా అని వెదికించినాను. కాగితమే దొరకలేదు. 1984 లో కరణీకాలు రద్దైనప్పుడు కోపంతో మా పెదనాన్నగారు కొన్ని కట్టలు తగులబెట్టించినారు, అందులో పోయి ఉండవచ్చు.

దాచిన ఆయుధం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ వంక గుర్తుకువస్తుంది. దాచుకొన్నవానికి కలిగే మేలు ఏమిటి? మొదటి దెబ్బ తన మీద పడదు. మరి ఎవరి మీద పడుతుంది? పక్కన కనబడేట్లు కర్ర పట్టినవాని మీద. ఆ ఏర్పాటు తాతగారు బుద్ధిపూర్వకంగా చేసినారని నేను అనను. డబ్బును తలారి మూటలో, ఆయుధాన్ని తన చేతిలో పెట్టుకొన్నప్పుడు ఆయన తెలివైన పని చేస్తున్నాననే అనుకొని ఉంటారు. కాని డబ్బుకూ దెబ్బకూ దగ్గరగా నిలిచినవాడు ఒకడు, అలుగు పిడి పట్టినవాడు మరొకడు.

నేను ఉద్యోగం చేసిన రోజులలో, 1980, 90 లలో, ఈ సీమలో దాచిన ఆయుధాల కాలం మరొకటి నడిచింది. దానిని గురించి సినిమాలు చాలా చెప్పినవి, చెప్పకూడని తీరున చెప్పినవి. చొక్కా వెనుక వేటకొడవలి, గోనెసంచిలో నాటుబాంబులు. బడి వార్షికోత్సవానికి ఊరి పెద్దలు వస్తే, ఎవరి చొక్కా ఎంత వదులుగా ఉన్నదో మేము ఉపాధ్యాయులము లోలోపల లెక్క వేసుకొనేవాళ్ళము. 2005 జనవరి 24 న పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్రను అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర పట్టపగలు కాల్చి చంపినారు. ఆయన అంగరక్షకుడు కూడా అక్కడే చనిపోయినాడు. అందరికీ కనబడేట్లు తుపాకి పట్టిన ఆ కాపలావాని పేరు ఎంతమందికి గుర్తున్నది? ఆనాడు జిల్లా అంతటా బస్సులు ఆగిపోగా మేము పిల్లలను జట్లు జట్లుగా నడిపించి ఇళ్ళకు చేర్చినాము. నా చేతిలో హాజరుపట్టీ తప్ప వేరేమీ లేదు.

చట్టం కూడా ఇప్పుడు తిరుగబడింది. 1878 చట్టానికి బదులు వచ్చిన 1959 చట్టం, ఇంటిపనికీ సేద్యానికీ మాత్రమే వాడే లాఠీ, మామూలు చేతికర్ర వంటివి ఆయుధాలు కావని స్పష్టంగా చెప్పింది. తలారి దుడ్డుకర్రకు విడుదల. గుప్తికి విడుదల లేదు, కత్తుల జాబితాలో కర్రకత్తి పేరు ప్రత్యేకంగా వ్రాసినారు. 2016 నాటి ఆయుధాల నిబంధనలు చదివితే మా తమ్ముని కుమారుడు ఆశ్చర్యపోతాడు. లైసెన్సు ఉన్న చేతి తుపాకిని బహిరంగ స్థలంలో తీసుకుపోవాలంటే ఒంటికి కట్టిన ఒరలోనైనా ఉండాలి, వీపుసంచి వంటిదానిలోనైనా ఉండాలి. ఎట్లున్నా పూర్తిగా కప్పి ఉండాలి, పట్టుకొన్నవాని అదుపులో ఉండాలి. ఆయుధం కనబడితే నేరం! వీరగల్లు మీది వీరుడు ఈనాడు లేచి వస్తే ముందు నోటీసు అందుకొంటాడు. సామాన్యునికి దొరికే రివాల్వరు కూడా చిన్నదే. కాన్పూరులో సర్కారు కర్మాగారం చేసే .32 రకం. 2014 లో స్త్రీల కోసమని ‘నిర్భీక్’ పేరుతో అరకిలో బరువున ఇంకొకటి తెచ్చినారు, చేతిసంచిలో పట్టేట్లు. దాని వెల లక్షకు పైమాట. ఎవరి చేతిసంచి కోసమో ఆ వెలను బట్టి మీరే ఊహించుకోవచ్చు.

ఎలుగుల సంగతి మరచిపోయినాను, అసలు ప్రశ్న అదే గదా. మన జిల్లా గుట్టలలోనూ ఎలుగులున్నవి. సీతాఫలాల కాలంలోనూ, నీళ్ళు ఎండినప్పుడూ పొలాలలోకి దిగుతాయి. మన ఎలుగుకు చూపు తక్కువ, వినికిడీ అంతంత మాత్రమే. పుట్ట తవ్వుకొంటూ మునిగి ఉంటుంది. మనిషి దాపులోకి వచ్చిందాకా తెలియక, తెలిసిన క్షణాన బెదిరి మీద పడుతుంది. అంత దగ్గరలో ఒరలోనిది ఒరలోనే ఉంటుంది, అది నడుమున ఉన్నా రొమ్మున ఉన్నా. మా గొర్రెల కాపరులు గొంగళి కొప్పెర వేసుకొని, నెలల తరబడి మందతో నడిచేవారు, తుపాకి ఎన్నడూ ఎరుగరు. చీకటిలో గుండ్ల నడుమ పోవలసివస్తే కర్రతో రాళ్ళను కొడుతూ, గట్టిగా మాట్లాడుకొంటూ పోతారు. తోడు లేకుంటే గొర్రెలతోనే మాట్లాడతారు. అమెరికాలో కూడా ఉద్యానవనాలవారు చప్పుడు చేస్తూ నడవండి, మిరపఘాటు చిమ్మే డబ్బా చేతికందేట్లు పెట్టుకోండి అనే చెబుతున్నారట. ఈ ముక్కే మావానికి వ్రాసినాను. “డబ్బా కూడా కొన్నాను పెదనాన్నా, అది మాత్రం అందరికీ కనబడేట్లు పట్టీకి తగిలించుకొన్నాను” అని జవాబు వచ్చింది. రివాల్వరు సంగతి ఏమైందో చెప్పలేదు. నేను అడగలేదు.

పోయిన సంక్రాంతికి ఆ పూర్వవిద్యార్థిని ఇంటికి పిలిచి, అటక మీది గుప్తిని దించినాను. ఇద్దరమూ అరుగు మీద కూర్చొని చెరొక కొస పట్టి లాగినాము. రాలేదు. దీపం వెలుగులో చూస్తే పిడీ కర్రా కలిసేచోట చుట్టూ నల్లని లక్క పూత కనబడింది. ఎవరో శ్రద్ధగా పూసి నునుపు చేసినారు. వాన లోపలికి దిగకుండా కొన్ననాడే పూసినది కావచ్చు. అట్లయితే ఆ అలుగు ఎన్నడూ వెలుగు చూడలేదన్నమాట. లేదా ఆ వంక దగ్గరి నుండి తిరిగివచ్చిన తరువాత, ఇక దీనిని ఎవరూ దూయకూడదని తాతగారే పూసి ఉండవచ్చు. లక్క ఏ సంవత్సరానిదో చెప్పగల విద్య నాకు లేదు. చాకుతో చెక్కి, కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచినాము. మరునాడు అలుగు వచ్చింది. జానెడున్నర పైగా ఉన్నది, మొనవైపు సగం తుప్పు తిన్నది. అతడు దానిని చాలాసేపు చూచి, “మా జేజినాయన అబద్ధం చెప్పలేదు సార్” అన్నాడు. “లేదు నాయనా” అన్నాను.

అలుగును కొలిమివాని చేత మూడు తుంటలు చేయించినాను. కర్రను అతనికి ఇచ్చినాను. మొదట వద్దన్నాడు, తరువాత తీసుకొన్నాడు. వాళ్ళ పొలం గట్టు కిందే ఎలుగుల జాడ ఉన్నది. లోపల బోలుగా ఉండడం వల్ల రాతికి కొట్టితే మామూలు కర్రకంటె రెండింతలు మోగుతున్నదని మొన్న ఫోన్ చేసి చెప్పినాడు.